మల్లేశ్వరం వెనక సందుల గురించి ఎవరూ మాట్లాడరేం?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల బెంగళూరు మల్లేశ్వరంలో మా పక్కిల్లు కూల్చేశారు. రెండు రోజుల్లో అయిపోయింది. జేసీబీ మొదటి దెబ్బ ముందువైపు కిటికీ మీదున్న మంకీ టాప్‌కి తగిలింది. బెంగళూరు పాత ఇళ్లు చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. కిటికీకీ వాకిలికీ పైన సన్నటి చెక్క పట్టీలతో కట్టి, కొస మొనదేలి ఉండే చిన్న చూరు అది. ఎండని సూటిగా లోపల పడనివ్వదు, గాలిని ఆపదు. ఆ చెక్కలు అగ్గిపుల్లల్లా విరిగిపడుతుంటే మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూశాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా మంగళూరు పెంకులు ఒక లారీలో, టేకు దూలాలు ఇంకో లారీలో వెళ్లిపోయాయి. కాంపౌండు మూలనున్న సంపెంగ చెట్టు మూడో రోజు పొద్దున లేచి చూస్తే లేదు. ఎప్పుడు కొట్టేశారో వీధిలో ఎవరికీ తెలీదు.

ఆ ఇంటివాళ్లని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఇంటి అజ్జి (ఇక్కడ అవ్వని అలా అంటారు) పోయాక నలుగురు పిల్లలకీ వాటాలొచ్చాయి. ఇద్దరు అమెరికాలో, ఒకరు పుణెలో. చివరి అమ్మాయి ఒక్కతే ఇక్కడుండి ఆరేళ్లు ఆ ఇంటిని నెట్టుకొచ్చింది. వానాకాలం ముందు పెంకులు సర్దించాలి. ఆ పని తెలిసిన మనిషి దొరకడు, దొరికితే అడిగినంతా ఇవ్వాలి. ఒక పక్క చెదలు, ఇంకో పక్క ఇంటి పన్ను. చివరికి జాయింట్ డెవలప్‌మెంట్‌కి, అంటే బిల్డర్ ఫ్లాట్లు కట్టి వాటా ఇచ్చేలా, స్థలం ఇచ్చేసింది. సంతకం పెట్టి వచ్చిన రోజు మా హాల్లో కూర్చుని ఏడ్చింది. పాత ఇంటిని నిలబెట్టుకోవాలనుకునే మనిషికి చేయూత ఎక్కడా కనపడదు. కూలగొట్టేవాళ్లకి మాత్రం బ్యాంకు లోను దగ్గర్నుంచి అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి. నా బాధల్లా అదే.

1984లో హిందూపురం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మల్లేశ్వరంలో మాలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వాళ్ల ఆవరణ మాకు నడిచి వెళ్లేంత దూరమే. వచ్చిన కొత్తలో ఇది మహానగరం అంటే నమ్మబుద్ధి అయ్యేది కాదు. మెజెస్టిక్‌లో బస్సు దిగితే ఊపిరాడని రద్దీ. అక్కణ్నుంచి రెండు మూడు కిలోమీటర్లు వచ్చామో లేదో, ఇంటి చుట్టూ పెరడు, పెరట్లో కొబ్బరి, సీతాఫలం, ప్రహరీ మీద ఎండ కాచుకునే పిల్లి. రాత్రి తొమ్మిది దాటితే వీధిలో చెప్పుల చప్పుడు కూడా వినపడేది.

ఈ పేట ఇలా ఉండటం దానంతటదే జరిగింది కాదు. 1898లో ప్లేగు వచ్చినప్పుడు బెంగళూరు పాత పేటలో జనం పిట్టల్లా రాలిపోయారు. గాలీ వెలుతురూ లేని ఇరుకు ఇళ్లే జబ్బుని పెంచాయని సర్కారు గ్రహించింది. అప్పుడు మైసూరు దివాను శేషాద్రి అయ్యర్. ఆయన హయాంలో ఊరి బయట గాలి ఆడేలా కొత్త పేటలు వేయించారు. ఊరికి ఉత్తరాన మల్లేశ్వరం, దక్షిణాన బసవనగుడి అలా లేచిన పేటలే. కాడు మల్లేశ్వర గుడి మాత్రం అంతకు చాలా ముందుది. శివాజీ సవతి తమ్ముడు వెంకోజీ ఆ గుడికి ఊరు రాసిచ్చినట్టు 1669 నాటి శాసనం ఉంది. కన్నడంలో కాడు అంటే అడవి. ఆ అడవి గుడి చుట్టూ తిన్నగా మెయిన్ రోడ్లు, వాటికి అడ్డంగా క్రాసులు గీసి, ఒక్కో ఇంటికీ చుట్టూ ఖాళీ జాగా వదిలారు. ప్లేగు భయం వల్లే ఇక్కడ ఇంటికీ ఇంటికీ మధ్య గాలి ఆడుతోంది.

ఇళ్ల వెనక సందులు కూడా ఆ ఆలోచనలోంచి వచ్చినవే. రెండు వరుసల ఇళ్ల వీపులు కలిసేచోట సన్నటి దారి ఒకటి ఉంటుంది. కన్సర్వెన్సీ లేన్ అంటారు. మా అత్తగారు దాన్ని వెనకసందు అనేవారు. దాని చరిత్ర చెప్పుకోవడానికి కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. ఫ్లష్ లెట్రిన్లు రాకముందు మనుషుల మలాన్ని మనుషులే ఎత్తి తీసుకుపోయిన దారి అది. వాళ్లు ముందువైపు వీధిలో కనపడకూడదని వెనకగా వేసిన దారి. మెయిన్ రోడ్లకీ పార్కులకీ పెద్దవాళ్ల పేర్లు పెట్టుకున్నాం. ఆ సందుల్లో ఏళ్ల తరబడి నడిచినవాళ్ల పేరు ఒక్క రాయి మీదా లేదు. పాత మల్లేశ్వరం ఎంత బాగుండేదో అని మురిసిపోయేటప్పుడు ఇది మర్చిపోకూడదు.

ఆ పాడు పని ఆగిపోయింది, సందు మిగిలింది. 1990ల్లో మా పిల్లలు అందులోనే క్రికెట్ ఆడేవారు. ఇప్పుడు మా సందులోకి వెళ్లి చూడండి. ఒకచోట ఇటుక ముక్కల గుట్ట, ఒకచోట హోటల్ వాళ్ల ఎగ్జాస్ట్ గొట్టం, దాని కింద నల్లటి జిడ్డు. ఇంకొంచెం ముందుకెళితే ఎవరో గేటు పెట్టి తాళం వేసుకున్నారు. పది అడుగుల దారి అక్కడ నాలుగడుగులే. మల్లేశ్వరంలోనే కొన్ని సందుల్ని శుభ్రం చేసి, గోడలకి బొమ్మలు వేసి, జనం నడిచేలా చేశారు. చూసి ఎంతో సంతోషించాను. కానీ బొమ్మ వేసిన గోడ రేపు కూలితే ఆ సందుకి రక్షణ ఏముంది?

మా ఇంటి సంగతే చెబుతాను. పెరట్లో రాతి ఒర ఉన్న బావి ఉంది. 2024 ఎండాకాలంలో నగరమంతా ట్యాంకర్ల కోసం గోల పెడుతున్నప్పుడు కూడా అందులో మోకాలి లోతు నీళ్లున్నాయి. చుట్టూ పెరళ్లు ఉన్నాయి కాబట్టే నీరు ఇంకుతోందని మా ఆయన అనేవారు. పక్క సైటులో పునాది తవ్వడం మొదలుపెట్టిన పదో రోజు బావిలో నీళ్లు తెల్లగా కనిపించాయి. చేద వేసి తోడితే అడుగున సిమెంటు మడ్డి పేరుకుంది. పని చేయిస్తున్నవాళ్లని అడిగితే ప్లాన్ శాంక్షన్ అయింది, మీకేం అభ్యంతరం అన్నారు. సంబంధిత ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. ఫిర్యాదు తీసుకున్నారు, మనిషి రాలేదు. పైన నాలుగు అంతస్తులు, కింద కార్ల పార్కింగ్, కాంపౌండు గోడ వరకూ సిమెంటు. రేపు ఆ సైటు మీద పడ్డ వానంతా వీధిలోకే వస్తుంది.

నగరం పెరుగుతోంది, జనానికి ఇళ్లు కావద్దా అంటారు కొందరు. కావాలి. 2014 నుంచి మాకు సంపిగె రోడ్డులో మెట్రో ఉంది. స్టేషన్ పక్కన, పెద్ద రోడ్ల మీద ఎత్తుగా కట్టుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు, కట్టాలి కూడా. లోపలి క్రాసుల్లో, రెండు కార్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి వెళ్లాల్సిన వీధుల్లో అదే కొలత పనికిరాదు అంటున్నాను. పైగా మా వీధిలో లేచిన ఫ్లాట్లలో ఒక టీచరు గానీ, 8వ క్రాస్‌లో పూలమ్మే మనిషి గానీ అద్దెకి దిగే స్థితి లేదు. పాత ఇళ్ల వాటాల్లో, అవుట్‌హౌసుల్లో అలాంటివాళ్లే ఉండేవారు. పక్కింటి వెనక గదిలో పద్దెనిమిదేళ్లు ఉన్న టైలర్ కుటుంబం ఇప్పుడు ఎక్కడో నెలమంగల దగ్గరికి వెళ్లిపోయింది.

అధికారులు ఈ సంగతి ఎరగరని అనలేం. 2031 వరకూ అని 2017లో విడుదల చేసిన మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో మల్లేశ్వరాన్ని హెరిటేజ్ జోన్లలో ఒకటిగా చూపించారు. ఆ ముసాయిదాని తర్వాత పక్కన పెట్టేశారు. 2007లో వచ్చిన పాత ప్లానే ఇన్నేళ్లూ నడిచింది. ఇప్పుడు బెంగళూరు ఐదు కార్పొరేషన్లయింది, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది. కొత్త ప్లాన్ ఎప్పుడు రాసినా అందులో పాత కట్టడాల జాబితా ఒకటి జతచేసి చేతులు దులుపుకోవద్దని నా విన్నపం. మా పేటలో గొప్ప భవనాలు తక్కువ. ఇక్కడ కాపాడుకోవాల్సింది ఇళ్ల మధ్య ఖాళీ, వెనకసందు, వీధి చెట్టు, పెరటి మట్టి. ఏ జాబితాలోనూ ఇవి ఎక్కవు. లోపలి క్రాసులకి ఎత్తు, చుట్టూ వదలాల్సిన జాగా వేరుగా నిర్ణయించాలి. సైటులో కొంత భాగం సిమెంటు వేయకుండా మట్టిగా వదిలితేనే ప్లాన్ శాంక్షన్ చేయాలి. సందులు ప్రజల ఆస్తి అని సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, మ్యాపులో చూపించాలి. పాత ఇల్లు కూల్చకుండా రిపేరు చేయించుకునేవాళ్లకి ఇంటి పన్నులో పెద్ద మినహాయింపు ఇవ్వాలి. పక్కింటి అమ్మాయికి ఆ ఒక్క సాయం అంది ఉంటే ఇంకో పదేళ్లు లాగేదేమో.

తెలుగు పత్రికకి ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఫ్లాట్లు కొనేవాళ్లలో మనవాళ్లూ బోలెడంతమంది. అనంతపురం, కర్నూలు, చిత్తూరు నుంచి పిల్లలు ఉద్యోగాలకి వచ్చి, మల్లేశ్వరంలో చల్లగా ఉంటుందని ఇక్కడే ఇల్లు వెతుక్కుంటారు. కొనే ముందు బిల్డర్ని ఒక్క మాట అడగండి. వెనకసందు ఎంత వెడల్పు ఉండాలి, ఇప్పుడు ఎంత ఉంది? సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో మా చెల్లెలు ఉంటుంది. అక్కడ కూడా ఇదే వరస అని ఫోన్ చేసినప్పుడల్లా చెబుతుంది.

జనం గట్టిగా అడిగితే పని జరుగుతుందని కళ్లారా చూశాం. 1882లో కట్టిన శాంకీ చెరువు పక్కన ఫ్లైఓవర్ వేస్తాం, రోడ్డు వెడల్పు చేస్తాం, చెట్లు కొడతాం అన్నప్పుడు 2023లో ముసలీ ముతకా పిల్లలూ అందరూ రోడ్డు మీదికొచ్చారు. నేనూ వెళ్లాను. ఆ పని అప్పటికి ఆగింది.

కిందటి ఆదివారం మా క్రాసులో తొమ్మిది ఇళ్లవాళ్లం టేపు పట్టుకుని వెనకసందు ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచాం. ఎక్కడ ఎంత ఉందో, ఎక్కడ ఏం అడ్డం పెట్టారో కాగితం మీద రాసి ఫోటోలు తీసి పెట్టాం. కార్పొరేషన్ నుంచి ఒక్క ఇంజనీరు వచ్చి ఆ కాగితం పట్టుకుని మాతో పాటు ఆ సందులో నడిస్తే చాలు. పది నిమిషాల నడక. తాళం వేసిన గేటు దగ్గర మాత్రం ఆగాల్సి వస్తుంది.

– ఒక పాఠకురాలు,
మల్లేశ్వరం, బెంగళూరు