సముద్రం అడుగున చప్పనీళ్లు, మీ సైటులో రేగడి

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "ఉప్పు సముద్రం కింద మట్టిలో చప్పనీళ్లేంట్రా, కోతలు కోయకు" అన్నావు కదా. ఫోన్లో మొదలుపెడితే సగంలో సైటు గొడవల్లోకి వెళ్లిపోతావు. అందుకే రాస్తున్నా.

ముందు మా అమ్మ సంగతి. నేను కేరళలో ఉన్నానని ఇప్పటికీ చుట్టాలకు చెబుతోంది. ఈ కోచి జపాన్‌లోది తల్లీ అంటే వినదు. ఇక్కడికి దక్షిణాన సముద్రంలో నన్‌కాయ్ ట్రఫ్ అని పొడవాటి లోయ ఉంది. ఫిలిప్పీన్ సముద్రపు పలక, అంటే భూమి పైపెంకులో ఓ పెద్ద ముక్క, అక్కడే జపాన్ కిందికి ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున దూరుతోంది. 1944, 1946లలో వచ్చిన పెద్ద భూకంపాలు దాని పుణ్యమే. దూరే పలక తన మీద పేరుకున్న బంకమట్టిని కొంత లోపలికి లాక్కుపోతుంది. మిగతాది అట్లకాడ ముందు పిండి చేరినట్టు అంచున పోగుపడుతుంది.

ఆ బంకమట్టిలో స్మెక్టైట్ అనే ఖనిజం ఉంటుంది. నీకు కొత్తేం కాదు, మీ నల్లరేగడిని వానకు ఉబ్బించి, ఎండకు నెర్రెలు తీయించేది ఈ జాతి ఖనిజమే. పూతరేకు గుర్తు తెచ్చుకో. అందులో పొరల మధ్య నెయ్యి ఉన్నట్టు ఇందులో నీళ్లుంటాయి. ఆ సందుల్లోకి ఉప్పులోని క్లోరైడ్ దాదాపు చొరబడదు, కాబట్టి ఆ నీళ్లు చప్పగానే ఉంటాయి.

ఇది లోతుకు పోయేకొద్దీ వేడెక్కుతుంది. సుమారు 60 డిగ్రీలు దాటాక పొటాషియం పొరల మధ్యకు చేరి వాటిని బిగించేస్తుంది. స్మెక్టైట్ కాస్తా ఇల్లైట్ అనే, ఉబ్బని ఖనిజంగా మారుతుంది, లోపలి నీళ్లు బయటికొచ్చి రేణువుల సందుల్లోని ఉప్పునీటిలో కలుస్తాయి. ఇక్కడి మురోతో తీరానికి ఎదుట సముద్రంలో తవ్విన ఒక బావిలో క్లోరైడ్ సముద్రపు నీటికన్నా దాదాపు 20 శాతం తగ్గింది. నువ్వు కోతలన్నది ఇదే. వేడి మాత్రం కావలసినంత ఉంది. 2016లో చిక్యూ అనే తవ్వకపు ఓడ అదే ప్రాంతంలో సముద్రపు అడుగు నుంచి 1,180 మీటర్లు తవ్వితే చివర్లో 120 డిగ్రీలు తగిలింది.

కానీ క్లోరైడ్ తగ్గిందనగానే బంకమట్టి మీద కేసు పెట్టలేం. మీథేన్ హైడ్రేట్ అనే మంచులాంటి పదార్థం కరిగినా నీరు చప్పబడుతుంది. అప్పుడు ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో తేలిక, బరువు రకాల అణువులు చూస్తాం. రెండు రకాల నీళ్లలోనూ బరువైన ఆక్సిజన్ ఎక్కువే, బరువైన హైడ్రోజన్ మాత్రం హైడ్రేట్ నీటిలో పెరుగుతుంది, బంకమట్టి నీటిలో తగ్గుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఇంకో తంటా, నీళ్లు తీయడం. మట్టిముక్క పైభాగం గీకేసి, ప్రెస్‌లో పెట్టి పిండితే చుక్కలు చుక్కలుగా సిరంజిలోకి వస్తాయి. గట్టి మట్టిని మరీ పిండితే పొరల్లోని నీళ్లు కూడా వచ్చేసి, లేని చప్పదనం కనిపిస్తుంది! పైగా ఆ నీళ్లు అక్కడే పుట్టాయా, ఇంకా లోతునుంచి పగుళ్ల వెంట ఎక్కి వచ్చాయా అన్న తగువు ఇంకా తెగలేదు. రెండూ ఉన్నాయని నా అనుమానం.

ఇంత తాపత్రయం ఎందుకంటే, బంకమట్టిలోంచి నీళ్లు తేలిగ్గా బయటపడవు. పోయే దారి లేక వాటి పీడనం పెరిగితే, పైబరువులో కొంత అవే మోస్తాయి, పగులు రెండు వైపులా ఒరుసుకోవడం తగ్గి జారడం సులువవుతుంది. అయితే సుమత్రా దగ్గర కథ అడ్డం తిరిగింది. అక్కడి మట్టి చాలావరకు హిమాలయాలది, గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చి బంగాళాఖాతంలో పోసింది. 2016లో తవ్వి చూస్తే, పలక కిందికి దూరకముందే మట్టిలోని సిలికా అనే పదార్థం తనలోని నీళ్లు వదిలేసిందని తేలింది. మట్టి అలా ముందే గట్టిపడడం వల్లే 2004 డిసెంబరు 26న పగులు లోయ అంచుదాకా జారిందని ఒక వాదన. ఆ సునామీ మన తీరానికీ వచ్చింది కదా.

నా పని మాత్రం ఖనిజాల పొరల దూరం కొలిచే ఎక్స్‌రే యంత్రం దగ్గర. గాజుపలక మీద మట్టి పూసి గ్లైకాల్ అనే ద్రవం ఆవిరి పట్టిస్తే స్మెక్టైట్ పొరల దూరం 17 ఆంగ్‌స్ట్రాములకు (అణువుల్ని కొలిచే అతిచిన్న కొలత) ఉబ్బుతుంది, ఇల్లైట్ 10 దగ్గరే భీష్మించుకుంటుంది. పోయిన వారం తొందరపడి వేడి పెంచాను. పొద్దున చూస్తే పూత మొత్తం నెర్రెలిచ్చి, అప్పడంలా చుట్టుకుని ఊడింది. వేసవిలో మీ ఊరి చేను చూసినట్టే ఉంది. రెండు రోజుల పని గంగపాలు.

అన్నట్టు, మీ సైటు మట్టికి ఫ్రీ స్వెల్ పరీక్ష, అదే నీళ్లలో ఎంత ఉబ్బుతుందో చూసేది, చేయించారా? రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో పెట్టు. ఓ గుప్పెడు మట్టి పంపమందామంటే జపాన్ వాళ్లు విమానాశ్రయంలోనే ఆపేస్తారు. నంబరైతే ఆపరు.

నీ
కోచి మామ