బురుజు ఎక్కలేని పెద్దల కోసం కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారములు.

నేను కర్నూలు బి.క్యాంపులో పుట్టి పెరిగినవాడిని. మొన్న సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి మా చెల్లెలి కుటుంబం వచ్చినప్పుడు, ఇంటిల్లిపాదీ కలిసి కొండారెడ్డి బురుజు చూసి రావాలనుకున్నాం. ఊళ్లోనే ఉన్న బురుజుకు ఇంత ఆలోచన దేనికని అనిపించవచ్చు. కానీ మోకాళ్ల నొప్పులతో ఉన్న, ఎనభైకి దగ్గరపడిన మా అమ్మనూ, ఆరేళ్ల మేనల్లుణ్ణీ వెంటబెట్టుకుని బయలుదేరాలంటే తలుపులు ఎన్నింటికి తెరుస్తారు, ఏ రోజు సెలవు, ఆటో ఎంతవరకు వెళుతుంది, దగ్గర్లో మరుగుదొడ్డి ఎక్కడుంది అన్నవి ముందే తెలియాలి. నేను నలుగురిని అడిగితే నాలుగు రకాలుగా చెప్పారు.

చివరికి ఒక ఉదయం ఉగ్గాని, బజ్జీలు తిని బయలుదేరాం. మెట్ల దగ్గరికి వచ్చాక అమ్మ తలెత్తి ఒకసారి చూసి, "మీరు పోయి రాండి నాయనా, నేనీడనే కూచుంటా" అంది. తువ్వాలు పరుచుకుని గోడ నీడన కూర్చుంది. పైకెక్కిన పిల్లలకు ఊరంతా కనిపించింది కానీ, వాళ్లడిగిన వాటికి నా దగ్గర జవాబులు లేవు. "సొరంగం యాడుంది మామా?" అని చిన్నవాడు నన్ను వదల్లేదు. ఇక్కడి నుంచి తుంగభద్ర అడుగుగా గద్వాల కోట దాకా సొరంగం ఉందని మన పెద్దలు చెప్పుకునే కథ వాడు ఎవరి దగ్గరో విన్నాడు.

కిందికి దిగాక బురుజు కథ చెప్పింది అమ్మే. విజయనగర రాజు అచ్యుతదేవరాయలు 16వ శతాబ్దంలో ఈ కోట కట్టించాడనీ, ఆలంపురం పాలకుడు కొండారెడ్డిని తరువాతి కాలంలో నవాబులు ఇక్కడ బంధించారు గనుక ఆయన పేరే బురుజుకు నిలిచిందనీ చెప్పింది. ఆలంపురం గుడులకు రాళ్లు తోలే బండ్లవాళ్లు ఏరు దాటబోయే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవారట, అందుకే ఈ ఊరు కందనవోలు అయిందట. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిననాడు మా తాత భుజాల మీద కూర్చుని జనాన్ని చూశాననీ, ఆ తరువాత గుడారాల్లో నడిచిన ఆఫీసులు తనకింకా గుర్తున్నాయనీ చెబుతుంటే, పిల్లలు పైన ఉన్నంతసేపూ లేని శ్రద్ధతో ఆమె చుట్టూ చేరి విన్నారు. పక్కన నిలబడ్డ వేరే ఇంటి పిల్లలు ఇద్దరు కూడా వచ్చి కూర్చున్నారు.

ఈ కట్టడం కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉందనీ, అటువంటి కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలకు చట్టం ఒప్పుకోదనీ నాకు తెలుసు. అందువల్ల గోడకు మేకు కొట్టమని గానీ, మెట్లు మార్చమని గానీ నేను అడగడం లేదు. ఆ శాఖవారితో, నగరపాలక సంస్థతో మీరు మాట్లాడి, కింద నీడపట్టున కదిపి తీసేయగలిగే బల్లలు నాలుగు వేయించండి. పైనుంచి కనిపించే దృశ్యాల ఫొటోలు, బురుజు కథ ముసలి కళ్లకు ఆనే పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఉర్దూలోనూ అక్కడే పెట్టించండి. వేళలు, సెలవు రోజు, బండ్లు ఆపే చోటు, మరుగుదొడ్డి వివరాలు ఒక్కచోట రాయించి, బస్టాండులోనూ రైల్వే స్టేషన్లోనూ అంటించండి. అదే కాగితం మీద ఎర్ర బురుజుకు, హంద్రీ ఒడ్డున ఉన్న గోల్ గుమ్మజ్ సమాధికి దారి కూడా చూపిస్తే, బయటి ఊళ్ల నుంచి వచ్చేవారు ఒక పూటను చక్కగా గడపగలుగుతారు.

2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా వేరుపడ్డాక మహానంది, అహోబిలం, యాగంటి, బెలుం గుహలు అటు వెళ్లాయి. మంత్రాలయానికి వచ్చే భక్తులను ఒక పూట కర్నూలులో ఆపగలిగింది ఈ బురుజే అని నా నమ్మకం.

ఇంకొక్క మనవి. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉన్న ఈ ఊరిని కళ్లారా చూసినవారు ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. వారి మాటలను రికార్డు చేయించి, బురుజు కింద పిల్లలు వినేలా ఏర్పాటు చేయించండి. మొదట మా అమ్మను పిలిస్తే, ఆటోలో నేనే తీసుకువస్తాను.

ఇట్లు,
బి.క్యాంపు నివాసి,
కర్నూలు