గుణుపూర్–తేరుబలి లైను లెక్కలో టెక్కలి గేటు ఉందా?

సంపాదకులకు నమస్కారం.

గుణుపూర్ నుంచి తేరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. లైను పడేది ఒడిశాలో కాబట్టి శ్రీకాకుళం జిల్లాకు ఖర్చేమీ లేదు, వస్తే కొత్త రైళ్లే వస్తాయి అన్న ధోరణిలో చర్చ సాగుతోంది. తేరుబలి విజయనగరం–రాయపూర్ లైను మీది స్టేషను. అక్కడ పట్టాలు కలిసిన రోజు నుంచి, గుణుపూర్‌లో ఆగిపోతున్న మన 90 కిలోమీటర్ల నౌపడ–గుణుపూర్ లైను రాయగడ వైపు సరుకు సముద్రానికి దిగే అడ్డదారి అవుతుంది. నౌపడకు దగ్గర్లోనే మూలపేట ఓడరేవు కడుతున్నారు. కాబట్టి కొత్త లైను లాభనష్టాల లెక్క గుణుపూర్‌లో మొదలు కాకూడదు, నౌపడలో మొదలు కావాలి.

ముందు గేట్ల సంగతి చూద్దాం. రోజుకు వెళ్లే రైళ్ల సంఖ్యను రోడ్డు వాహన యూనిట్లతో (గేటు దాటే వాహనాలను రకాన్ని బట్టి లెక్కగట్టిన అంకెతో) గుణిస్తే లక్ష దాటిన చోట పైవంతెన ఖర్చు రైల్వే, రాష్ట్రం చెరిసగం భరించాలన్నది చాలాకాలంగా ఉన్న పద్ధతి. 5,000 యూనిట్లు తిరిగే గేటు మీద 8 రైళ్లు నడిస్తే వచ్చేది 40,000. ఆ ఊరు వంతెన అడిగినా ఎవరూ పట్టించుకోరు. రైళ్లు 20 అయితే లెక్క లక్షకు చేరుతుంది, అప్పటికి ఊరు గేటు ముందు నిలబడి ఉంటుంది. పెరిగిన 12 రైళ్లకు ఒక్కోదానికి 10 నిమిషాల చొప్పున గేటు పడితే రోజుకు రెండు గంటలు దారి మూసినట్టు. ఆ రెండు గంటల్లో వచ్చే 400 పైచిలుకు వాహనాలు సగటున 5 నిమిషాలు ఆగినా ఒక్క గేటు దగ్గరే రోజుకు 35 వాహన గంటలు పోతాయి. రద్దీ పగలే కాబట్టి అసలు నష్టం ఇంతకన్నా ఎక్కువే. టెక్కలి, పాతపట్నం వైపు గేట్లన్నిటికీ ఈ లెక్క కట్టి ఖర్చు పద్దులో రాయాలి. లారీలు తగ్గితే మిగిలే డీజిలును లాభంలో రాసుకునేవాళ్లు దీన్ని వదిలేస్తే ఎలా?

ఇక ఒంటి లైను. దాని సామర్థ్యాన్ని నిర్ణయించేది రెండు స్టేషన్ల మధ్య అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టే ముక్క. ఆ ముక్క 15 కిలోమీటర్లు, గూడ్సు వేగం గంటకు 45 కిలోమీటర్లు అనుకుంటే దాటడానికి 20 నిమిషాలు, తర్వాతి రైలుకు దారి ఖాళీ అని స్టేషన్లు ఖాయం చేసుకునే లైన్ క్లియర్ తంతుకు మరో 5. రోజులోని 1,440 నిమిషాలను 25తో భాగించి, ఆచరణలో సాధ్యమయ్యేదిగా అందులో 70 శాతం తీసుకుంటే రెండు వైపులా కలిపి 40 రైళ్లు. మధ్యలో ఎదురెదురు రైళ్లు తప్పుకునే క్రాసింగ్ స్టేషను ఒకటి పెట్టి ఆ ముక్కను 10 కిలోమీటర్లకు తగ్గిస్తే 55 దాకా వెళ్లొచ్చు. రెండో లైను వేయడంతో పోలిస్తే ఇది కారుచౌక. అయితే అక్కడ రైలును పక్కకు తప్పించే లూప్ లైను దాదాపు 700 మీటర్లు ఉండాలి. 58 వ్యాగన్ల రేకు (పూర్తి గూడ్సు బండి) లూపులో పట్టకపోతే దాన్ని పక్కన పెట్టలేరు, ఎక్కడో వెనక ఆగేది పాసింజరే.

లాభాల పద్దులో ఎక్కువ పొరపాటు జరిగేది పోలిక దగ్గర. ‘లైను రాకపోతే’ అన్న గడిలో నేటి పరిస్థితిని రాసేస్తారు. తేరుబలి మీదుగా పోయే విజయనగరం–టిట్లాగఢ్ మూడో లైను పని నడుస్తోంది. కొత్త లైను పూర్తయ్యే నాటికి ఆ దారిలో రద్దీ ఇప్పటిలా ఉండదు. అలాంటప్పుడు విశాఖకు ఎలాగూ రైల్లోనే వెళ్లే రేకు నౌపడకు మళ్లితే మిగిలేది దూరంలో తేడా మాత్రమే. లారీల నుంచి మళ్లే సరుకు సంగతి వేరు: ఒక రేకులో పట్టే సుమారు 3,800 టన్నులు రోడ్డెక్కితే 25 టన్నుల లారీలు 150 కావాలి. ఈ రెండు రకాల సరుకునూ ఒకే గడిలో కలిపేస్తే అంకె ఘనంగానే ఉంటుంది, అర్థమే ఉండదు. సెంటు భూమి ధర పెరగడాన్ని కూడా లాభంగా చూపుతుంటారు. అది మిగిలిన ప్రయాణ సమయానికే ఇంకో రూపం, రెండుసార్లు రాయకూడదు. కూలీల జీతాలు ఖర్చే తప్ప లాభం కాదు.

జాప్యం ఏం చేస్తుందో మన నౌపడ లైను చరిత్రలోనే ఉంది. 1900లో మొదలైన పర్లాకిమిడి చిన్న రైలు తొలి పదేళ్లూ నష్టాల్లోనే నడిచి, తర్వాతే కుదుటపడింది. అదే లైనును బ్రాడ్‌గేజీ కోసం 2004లో మూస్తే రైలు మళ్లీ పర్లాకిమిడి చేరింది 2010లో, గుణుపూర్ చేరింది 2011లో. అన్నేళ్లు బస్సులకు అలవాటుపడ్డ జనం పట్టాలు పడ్డ మర్నాడే తిరిగిరారు. లాభం ఐదేళ్లు వెనకబడితే 10 శాతం తగ్గింపు రేటుతో (రేపటి డబ్బును నేటి విలువకు ఏడాదికి ఇంత చొప్పున తగ్గించే రేటు) రూపాయి నేటి విలువ 62 పైసలు. రైల్వే దశాబ్దాల పాటు గీటురాయిగా పెట్టుకున్న 14 శాతంతో చూస్తే 52. సగం కట్టి వదిలేసిన వంతెన మీద పెట్టిన డబ్బుకు మాత్రం ఏ తగ్గింపూ ఉండదు.

కొత్త లైను డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక)లోని రవాణా అంచనాల అధ్యాయాన్ని తెలుగులో జిల్లా కేంద్రంలో అందుబాటులో పెట్టాలి. పట్టాలు కలవకముందే నౌపడ–పాతపట్నం మధ్య గేట్ల దగ్గర వాహనాల లెక్క తీయాలి. ధాన్యం లారీలు తిరిగే నెలల్లో ఒకసారి, మామూలు రోజుల్లో ఒకసారి.

– ఒక పాఠకుడు,
టెక్కలి, శ్రీకాకుళం జిల్లా