ఆ కట్ దగ్గర ఏమి జరిగింది?

తెనాలి

చిరంజీవి కిరణ్‌కు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం. దసరా తరువాత నీ నుండి ఫోను రాకపోతే పని ఒత్తిడి అనుకున్నాము. మొన్న సత్యం మామయ్య ఇంటికి వెళ్ళినప్పుడు శిరీష తన ఫోనులో నీ వేట వీడియో చూపించింది. కార్తీక సోమవారం ఉపవాసంలో ఉన్న మీ అమ్మ కాసేపు చూసి, మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరమే అయినా, టెక్సాస్‌లో నవంబరు మొదటి శనివారం నుండి తెల్లతోక జింకల సీజను ఉంటుందని, లైసెన్సు తీసుకుంటే తప్పు కాదని ఆమెకు నేనే నచ్చజెప్పవలసి వచ్చింది.

క్యాసెట్ల కాలం నుండి పెళ్ళి వీడియోలు తీసినవాడిని కనుక నేను పని మాత్రమే చూశాను. బాగానే మొదలుపెట్టావు. అయితే గాలి హోరులో నీ మాటలు సగం వినపడలేదు. మైకుకు బొచ్చు తొడుగు వేయి. ఆటోఫోకస్ ఎదుటి రెమ్మను పట్టుకుని వెనకనున్న జింకను మసక చేసింది. అలాంటి చోట ముందుగానే చేత్తో ఫోకస్ పెట్టుకోవాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుండి కాల్చవచ్చని మీ నిబంధన చెప్పినా, ఆ వెలుగు కంటికి చాలినంతగా కెమెరాకు చాలదు. చిత్రం రాదనిపిస్తే తుపాకి దించి ఊరుకోవడమే మంచిదని నా అభిప్రాయం. బూట్లు, దారి, చెట్టు బెరడు వంటి చిన్న షాట్లు తీరికగా తీసి పెట్టుకుంటే, ఎడిటింగులో అతుకు వేయడానికి అవే అక్కరకు వస్తాయి.

అతుకు అంటే గుర్తుకు వచ్చింది. నువ్వు చెట్టు మీది మంచెలో ఉండగా ఫ్రేము ఒక్కసారిగా పక్కకు ఒరిగింది, ఒక కొమ్మ పైకి లేచింది, వెంటనే కట్. తరువాతి షాటు నేల మీద నుండి ఉంది, నీ ఎడమ మోచేతికి మట్టి ఉంది. అక్కడ ఏమి జరిగింది?

మన సూరిబాబు సంగతి నీకు తెలిసినదే, అయినా చెబుతాను. తలంబ్రాలు పైనుండి తీస్తానని పందిరి రాటకు నిచ్చెన ఆనించి, నేను వద్దంటున్నా ఎక్కాడు. పెళ్ళికూతురు దోసిలి ఎత్తగానే, వ్యూఫైండరులో కన్ను పెట్టినవాడు ఆ దోసిలి వెంటే కెమెరాను పైకి తిప్పుతూ, తాను నిలబడినది నిచ్చెన మెట్టు మీద అన్న సంగతే మరచి వెనక్కి అడుగు వేశాడు. కింద కొబ్బరాకుల మోపు ఉండబట్టి చెయ్యి విరగడంతో పోయింది. పెళ్ళివారు మాత్రం, ముహూర్తం వేళ ఈ అపశకునమేమిటని మనతోనే తగువు పెట్టుకుని, బాకీ సొమ్ములో కోత పెట్టారు. ఆ క్యాసెట్టులో తలంబ్రాలు, తరువాత పందిరి కప్పు, తరువాత ఎవరివో పాదాలు వరుసగా ఉన్నాయి. నీ వీడియోలో ఫ్రేము ఒరిగిన తీరు అచ్చంగా అదే.

వాడి చేతిలో కెమెరా ఒక్కటే ఉంది. నీ చేతిలో తుపాకి కూడా ఉంది. అందుచేత తీసేవాడు ఒకడు, కాల్చేవాడు ఒకడుగా వెళ్ళండి. తోడు దొరకని రోజున కెమెరాను చెట్టుకు బిగించి, దాని జోలికి పోకు. తుపాకిని తూటాలు తీసేసి తాడుతో పైకి లాక్కో. నేల మీద కాలు ఎత్తినప్పటి నుండి మళ్ళీ నేల మీద ఆనేవరకు ఒంటినంతా పట్టి ఉంచే హార్నెస్ విప్పకు.

ఇంకొక మాట. హెచ్‌1బీ మీద ఉన్నవాడు తుపాకి పట్టాలంటే మామూలుగా ఆధారం ఆ వేట లైసెన్సే. అది ఆగస్టు 31తో ముగుస్తుంది కనుక తేదీ చూసుకో. వీడియోలకు ప్రకటనల డబ్బు వస్తుందని శిరీష మురిసిపోతున్నది. వీసాకు ఇబ్బంది రాకుండా, పైసా తీసుకునే ముందు లాయరును అడుగు.

చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, లోపలి జేబులో పెట్టుకో. స్వెటరు వేసుకో. ఆ కెమెరా మెమరీ కార్డును రెండు చోట్ల కాపీ చేసుకునేవరకు చెరపకు. కత్తిరించని ముక్క నాకు పంపు. మీ అమ్మ ఫోనుకు మాత్రం పంపకు.

మీ నాన్న