రస్సెల్ బ్లాకులు ఎవడు లెక్కపెట్టాడ్రా?

ఒరేయ్ శీనూ,

మొన్న రాత్రి అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అందరికన్నా గొప్పోడెవడని అడిగితే "జోర్డాన్ కాక ఇంకెవడ్రా" అని ఠపీమని ఫోన్ పెట్టేశావు చూడు, ఆ మంట ఇంకా చల్లారలేదు. నిద్రపట్టక లేచి ఎక్సెల్‌లో ఓ పట్టిక మొదలెట్టాను. మా ఆవిడ లేచొచ్చి చూసి, ఇన్‌కం టాక్స్ లెక్కలు కాబోలనుకుని పాపం టీ పెట్టిచ్చింది. నేనూ కాదనలేదు.

సరే, విను. జట్టు గెలిచిన టైటిల్‌కి 3 మార్కులు, సీజన్ ఎంవీపీకి (ఆ ఏటి మేటి ఆటగాడి అవార్డు) 5, ఫైనల్స్ ఎంవీపీకి (ఫైనల్స్‌లో మేటి ఆటగాడికిచ్చేది) 4 వేశాను. నీ జోర్డాన్‌కి టైటిళ్లు 6, ఎంవీపీలు 5, ఫైనల్స్ ఎంవీపీలు 6. మొత్తం 67. తర్వాత పాతకాలం బోస్టన్ సెల్టిక్స్ ఆటగాడు బిల్ రస్సెల్ 58, కరీమ్ అబ్దుల్-జబ్బార్ 56, లెబ్రాన్ జేమ్స్ 48. నీదే గెలుపని ఒప్పుకుని పడుకుందామనుకున్నా.

అంతలో తట్టింది. ఫైనల్స్ ఎంవీపీ ఇవ్వడం మొదలైందే 1969లో. అది రస్సెల్ ఆఖరి సీజన్! 13 సీజన్లలో 11వ టైటిల్ ఆ ఏడే కొట్టాడు, అదీ తనే కోచ్‌గా ఉంటూ. అవార్డు మాత్రం ఓడిపోయిన లేకర్స్ ఆటగాడు జెర్రీ వెస్ట్‌కి ఇచ్చారు. ఓడిన జట్టులో ఉండి అది అందుకున్నవాడు ఇప్పటికీ అతనొక్కడే. ఇంకా తమాషా ఏంటంటే, 2009 నుంచి ఆ అవార్డుకి రస్సెల్ పేరే పెట్టారు. ఆయన దగ్గర మాత్రం అది ఒక్కటీ లేదు.

ఇదేం న్యాయమని ఆ కాలమ్ తీసేసి, టైటిల్‌కీ 5 వేశా. రస్సెల్ 80, కరీమ్ 60, జోర్డాన్ 55, లెబ్రాన్ 40. అంతే, నీ దేవుడు మూడో మెట్టుకి జారాడు.

పాయింట్లు, రీబౌండ్లు (తప్పిన షాట్ బంతిని అందుకోవడం) చూద్దామంటావు, తెలుసు. కానీ బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ని గాల్లోనే అడ్డుకోవడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) ఎన్‌బీఏ లెక్కరాయడం మొదలెట్టింది 1973-74లో. రస్సెల్ బతుకంతా బ్లాకులే కదరా! అదీ బంతిని గ్యాలరీలోకి బాదేయడం కాదు, మెల్లగా తట్టి తనవాళ్ల చేతికే వచ్చేట్టు చేసేవాడు. అటునుంచటే పరుగు. మన హాస్టల్ సిమెంట్ కోర్టులో లంబూగాడు గుర్తున్నాడా? స్కోరు పుస్తకంలో వాడికెప్పుడూ రెండో నాలుగో. కానీ వాడు రింగు కింద నిలబడితే నువ్వు లోపలికి రావడమే మానేసి బయట్నుంచి గాల్లోకి విసిరేవాడివి. నువ్వు రాకుండా మానేసిన ఆ రాకల్ని ఏ పుస్తకంలో రాయాలి?

1961-62 సంగతి చూడు. రస్సెల్‌కి పోటీగా ఆడిన విల్ట్ చాంబర్లిన్ సగటు మ్యాచ్‌కి 50.4 పాయింట్లు, 25.7 రీబౌండ్లు. మార్చి 2న హెర్షీ అనే ఊళ్లో ఒక్క మ్యాచ్‌లోనే 100 కొట్టాడు. మ్యాచ్ ఉండేది 48 నిమిషాలు, ఆయన ఆడిన సగటు 48.5! ఓవర్‌టైమ్‌లు కూడా కలిశాయన్నమాట. కాగితం మీద ఇంతకన్నా గొప్ప సీజన్ నాకైతే కనపడలేదు. అయినా ఆ ఏడు ఎంవీపీ రస్సెల్‌కే. అప్పట్లో ఓట్లు వేసింది ఆటగాళ్లే, అంటే ఇద్దరి మోచేతి దెబ్బలూ తిన్నవాళ్లు. నాకు ఆ ఓటు మీదున్న నమ్మకం నా ఎక్సెల్ మీద లేదు.

నువ్వెక్కడ పట్టుకుంటావో తెలుసు. అప్పుడున్నవి 9 జట్లే, ఇప్పుడు 30. నిజమే, టైటిల్ గెలవడం ఇప్పుడే కష్టం. ఆ రోజుల్లో షాట్లూ ఎక్కువే, తప్పేవీ ఎక్కువే, అందుకే రీబౌండ్లు అలా కుప్పలు పడేవి. దీనికి రస్సెల్ టైటిళ్లలో కొంత కోసేస్తానన్నా అడ్డు చెప్పను. ఎంత కోయాలో మాత్రం నువ్వే చెప్పు, నాకు చేతులు రావడం లేదు.

అన్నట్టు, ఎంవీపీకి 5 వేసింది నేనే గానీ ఇప్పుడు అదీ నచ్చడం లేదు. 1997లో అది కార్ల్ మలోన్‌కి ఇచ్చారు, ఫైనల్స్‌లో అదే మలోన్ జట్టుని జోర్డాన్ 4-2తో పంపించాడు. కోబీ బ్రయంట్‌కి కెరీర్ మొత్తానికి ఒకటే, షాక్ ఒనీల్‌కీ ఒకటే. స్టీవ్ నాష్‌కి రెండు! నాష్ మంచోడే, కాదనను, కానీ షాక్ కన్నా రెట్టింపా?

ఫైలు పంపిస్తున్నా. మార్కులు నీకు నచ్చినట్టు మార్చుకుని తిప్పి పంపు, కానీ రస్సెల్ వరస ముట్టుకుంటే ఊరుకోను. మా ఆవిడ ఫోన్ ఎత్తితే మాత్రం టాక్స్ లెక్కలనే చెప్పు.

నీ
బాబ్జీ