గ్యాస్ మాత్రల చాటున దాగిన సూక్ష్మజీవి

సంపాదకుల వారికి,

అయ్యా,

ఉచిత మధుమేహ పరీక్షా శిబిరాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ చూస్తున్నాను. ఆ శిబిరాల్లో రక్తంలో చక్కెర చూస్తారు, బీపీ చూస్తారు, పాదాలు చూస్తారు. కడుపు సంగతి మాత్రం అడగరు. అది కూడా ఎందుకు అడగాలో మా ఇంటి అనుభవంతో మనవి చేస్తున్నాను.

నా భార్యకు తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. అందులో ఆరేళ్లు ఆమె రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర మింగింది. సంగటి తిన్నా, చివరికి పెరుగన్నం తిన్నా కడుపులో మంట తప్పేది కాదు. "షుగర్ మాత్రల వేడి, ఓర్చుకో" అని నేనూ అన్నవాణ్నే. ఆ మాటకు నేటికీ బాధపడుతున్నాను. నిరుడు తిరుపతిలో ఒక వైద్యుడు ఎండోస్కోపీ చేసి, కడుపు లోపలి పొర నుంచి ఆవగింజంత ముక్క తీసి పసుపుపచ్చని జెల్లులో ఉంచారు. కాసేపటికి నా కళ్లముందే అది ముదురు గులాబీ రంగుకు తిరిగింది. హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుందనీ, దాని అండతోనే కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని బతుకుతుందనీ, రంగు మారడం దాని జాడేననీ ఆయన వివరించారు.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఈ బ్యాక్టీరియాను వెలికితీసిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి లభించింది. కడుపులో పుండ్లకూ క్యాన్సర్‌కూ ఇది కారణమవుతుందన్నది రుజువైన విషయం. మధుమేహంతో దీని సంబంధం ఇంకా అంత దూరం రాలేదు. కాలిఫోర్నియాలో 60 ఏళ్లు పైబడిన 782 మందిని పదేళ్లపాటు గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఇన్ఫెక్షన్ జాడ రక్తంలో ఉన్నవారికి కొత్తగా మధుమేహం వచ్చే రేటు మిగతావారి కంటే రెండున్నర రెట్లకు పైగా కనిపించింది. ఏళ్ల తరబడి కడుపులో సాగే వాపు వల్ల ఇన్సులిన్ పని మందగిస్తుందనీ, ఆకలిని నడిపే గ్రెలిన్, లెప్టిన్ హార్మోన్ల తీరు మారుతుందనీ పరిశోధకులు ఊహిస్తున్నారు. అయితే ఇరుకు ఇళ్లు, కలుషితమైన నీరు, పేదరికం ఈ బ్యాక్టీరియాకు ఎలా తోడ్పడతాయో, పేదరికం మధుమేహానికీ అలాగే తోడ్పడగలదు కాబట్టి, రెండూ ఒకేచోట కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని చెప్పలేము. కనుక ఈ ఇన్ఫెక్షన్‌కు మందులు వాడితే షుగర్ పోతుందని ఎవరైనా చెబితే దయచేసి నమ్మవద్దు. పద్నాలుగు రోజుల కోర్సుతో నా భార్యకు కడుపు మంట తగ్గింది. షుగర్ మాత్ర మాత్రం కొనసాగుతూనే ఉంది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే విషయం. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్రను ఏళ్ల తరబడి వాడితే శరీరానికి బీ12 విటమిన్ అందడం తగ్గుతుంది. గ్యాస్ మాత్రల దీర్ఘకాల వాడకమూ అదే చేస్తుంది, ఈ ఇన్ఫెక్షనూ చేయగలదు. మూడూ ఒకే మనిషిలో కలిసినప్పుడు అరికాళ్లు తిమ్మిరెక్కితే, బీ12 లోపం వల్ల కూడా కావచ్చని చూడకుండా, అది షుగర్ వల్లనేనని సరిపెట్టుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. నా భార్య చెప్పు జారిపోయినా తెలియక నడిచేది. బీ12 ఇంజెక్షన్లు వేశాకే ఆ తిమ్మిరి కొంత తగ్గింది.

అందువల్ల శిబిరాలు నిర్వహించేవారు, గ్యాస్ మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారో, అరికాళ్లలో తిమ్మిరి ఉందో లేదో ప్రతి షుగర్ రోగినీ అడగాలని కోరుతున్నాను. ఎండోస్కోపీ అవసరం లేకుండా ఈ బ్యాక్టీరియాను పట్టే మల పరీక్షను మదనపల్లె, పలమనేరు వంటి ఊళ్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ అందుబాటులో ఉంచాలని ఆరోగ్యశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. పరీక్షకు రెండు వారాల ముందే, వైద్యుడిని అడిగి, గ్యాస్ మాత్ర ఆపాలన్న సంగతి కూడా రోగులకు చెప్పాలి. లేకపోతే కడుపులో బ్యాక్టీరియా ఉన్నా లేదనే ఫలితం రావచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
చిత్తూరు