శనివారం సినిమా చూసే ముందు

అందరికీ నమస్కారం. శనివారం చూడబోయే ‘ది క్రాఫ్ట్’ (1996) గురించి ఒక మాట. విక్కాను (మంత్రవిద్యతో ముడిపడిన ఆధునిక మతం) నిజంగా పాటించే పాట్ డెవిన్ ఈ సినిమాకు సలహాదారు. అందుకే పూజకు వృత్తం గీయడం, నాలుగు దిక్కుల శక్తులను పిలవడం అసలుకు చాలా దగ్గరగా ఉంటాయి. సినిమాలో మంత్రవిద్య చేసే అమ్మాయిలు కొలిచే ‘మానన్’ మాత్రం కల్పించిన దేవుడే. నిజమైన దేవతల పేర్లు తెర మీదికి లాగకపోవడం నాకు బాగా నచ్చింది.

గాల్లో తేలడం, పగ తీర్చుకోవడం పూర్తిగా హాలీవుడ్ మసాలా. బ్రిటన్‌లో జెరాల్డ్ గార్డ్‌నర్ 1954 పుస్తకంతో బాగా బయటికొచ్చిన ఈ మతంలో సైతాను పూజ లేదు. ‘ఎవరికీ హాని చేయకు’ అన్నది ముఖ్య సూత్రం.

చర్చలో దీన్ని మన చేతబడి, బాణామతి కథలతో కలపకండి, ప్లీజ్. ఆ నిందతో మన ఊళ్లలో మనుషుల ప్రాణాలే పోయాయి. అది వేరే విషయం, దానికి విడిగా ఒక రోజు పెట్టుకుందాం.